వర్జీనియా ఉప్పుటేళ్ల పల్లెల్లో సెలవు రోజులు, నిదానపు బతుకు: అనుభవం ఉన్నవారు చెప్పండి

లంకవాసి
అందరికీ నమస్కారం. మేము ఉత్తర వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో ఉంటున్నాం. ఇద్దరు పిల్లలు, ఒకరికి తొమ్మిదేళ్లు, ఒకరికి పన్నెండు. శని, ఆదివారాలు వస్తే ఎవరిదో పుట్టినరోజు, గుడి, అంగళ్లు, మళ్లీ సోమవారం. నేను కోనసీమ లంకలో పుట్టి, పడవ దాటి బడికి వెళ్లినవాణ్ని. మా పిల్లలకు నీళ్లంటే క్లోరిన్ వాసన వచ్చే ఈతకొలను. అది నాకు మింగుడుపడటం లేదు.

చెసపీక్ అఖాతం ఒడ్డున, సముద్రపు పోటు ఎక్కే నదుల మధ్య ఉన్న టైడ్‌వాటర్ పల్లెల గురించి వింటున్నాను. నెలకు ఒకసారైనా అక్కడికి వెళ్లి, టీవీ లేకుండా, చిన్న పడవ వేసుకుని, పీతలు పట్టుకుని, మన వంట మనం వండుకుని రావాలని ఉంది. కుదిరితే నీటి ఒడ్డున చిన్న ఇల్లు కొనాలనే ఆలోచన కూడా ఉంది. ఏ ప్రాంతం మంచిది? ఏ కాలంలో వెళ్లాలి? పిల్లలతో ఏ జాగ్రత్తలు పడాలి? వచ్చే వేసవిలో అమ్మానాన్నలు వస్తున్నారు, వాళ్లకు అక్కడ పొద్దుపోతుందా? అలవాటు ఉన్నవారు వివరంగా చెప్పండి.

ఉప్పుగాలి
లంకవాసి గారూ, మేము మాథ్యూస్ కౌంటీలో స్థిరపడి చాలా ఏళ్లయింది. ముందు నేల సంగతి చెబుతాను. అది తెలిస్తే మిగతా ప్రశ్నలకు సగం జవాబులు దొరుకుతాయి.

చెసపీక్ అఖాతం సుమారు 320 కిలోమీటర్ల పొడవు. సగటు లోతు మాత్రం ఆరున్నర మీటర్లే. పెద్ద తాంబాలంలో నీళ్లు పోసినట్టు ఉంటుంది. పడమటి వైపు నుంచి పొటోమాక్, రాపహానక్, యార్క్, జేమ్స్ నదులు వచ్చి కలుస్తాయి. పొటోమాక్‌కూ రాపహానక్‌కూ మధ్య నేల నార్తర్న్ నెక్. రాపహానక్‌కూ యార్క్‌కూ మధ్యది మిడిల్ పెనిన్సులా, మేము ఉండేది దాని కొసన. యార్క్, జేమ్స్ నదుల మధ్యది వర్జీనియా పెనిన్సులా, అక్కడ పట్టణాలు ఎక్కువ. అఖాతానికి తూర్పున ఈస్టర్న్ షోర్. జేమ్స్ నదిలో పోటు రిచ్‌మండ్ రాళ్ల దాకా ఎక్కుతుంది, అక్కడ ఆగిపోతుంది. ఆ గీతకు తూర్పున ఉన్నదంతా పోటు ఏలే నేల.

మా కౌంటీ మొత్తంలో ట్రాఫిక్ లైటు లేదు. రోడ్డు ఎటు పోయినా చివరికి నీటి దగ్గర ఆగుతుంది. పోటుకూ పాటుకూ తేడా రెండు, రెండున్నర అడుగులే. కానీ నేల ఎంత చదును అంటే, ఆ రెండడుగులతోనే పొద్దున పడవ తేలిన చోట మధ్యాహ్నానికి బురద మిగులుతుంది. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఇవాళ్టి పోటు రేపు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకు, పౌర్ణమికి పోటు బలంగా ఉంటుంది, అష్టమికి మందగిస్తుంది. కోనసీమలో పుట్టిన మీకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. మా వంటింటి గోడకు తెలుగు పంచాంగం, పోటు పట్టిక పక్కపక్కనే వేలాడుతుంటాయి. రెండూ రోజూ చూస్తాను.

అయితే పట్టిక ఒక్కటే చాలదు. ఈశాన్య గాలి రెండు రోజులు ఆపకుండా వీస్తే అఖాతంలోకి నీరు తోసుకొచ్చి, పట్టికలో రాసినదానికి మించి ఎక్కుతుంది. చలికాలంలో వాయవ్య గాలి గట్టిగా వీస్తే నీరంతా బయటికి పోయి, రేవు కట్టెల కింద నేల కనిపిస్తుంది. ఇక్కడ బతకడం అంటే మన పనులను ఈ నీటి గడియారానికి సర్దుకోవడం. "శనివారం పది గంటలకు పడవ" అని నాలుగు వారాల ముందు రాసిపెట్టుకునే మనుషులకు ఇక్కడ విసుగు పుడుతుంది. పదింటికి నీళ్లుంటే పడవ, లేకపోతే తోట పని అనుకోగలిగితే ఈ ఊరు మీకు నప్పుతుంది.

తెడ్డు
నేను రిచ్‌మండ్‌లో ఉంటాను, కయాక్ (సన్నటి తెడ్డు పడవ) నా పిచ్చి. ఉప్పుగాలి గారు చెప్పినదానికి పడవ సంగతులు కలుపుతాను.

మొదలుపెట్టేవారికి మాథ్యూస్ చాలా అనుకూలం. అక్కడ ఏళ్లూ పాయలూ కలిపి నీటి బాటలుగా గుర్తించి పటాలు వేశారు, వాటి పొడవు 90 మైళ్లకు పైమాట. న్యూ పాయింట్ కంఫర్ట్ దీపస్తంభం 1804లో కట్టినది, దాని చుట్టూ ఇప్పుడు నీళ్లే. గాలి లేని రోజున మాత్రమే అటు వెళ్లండి. అలవాటు లేనివారు బయటి అఖాతంలోకి పోకుండా ఏళ్లలోనే తిరగడం మంచిది. లోతు తక్కువ కావడం వల్ల గాలి లేస్తే అలలు పొట్టిగా, నిటారుగా, వెంటవెంటనే వస్తాయి. చిన్న పడవను అవి చాలా ఇబ్బంది పెడతాయి.

గ్లాస్టర్ కౌంటీలో మాచికోమోకో స్టేట్ పార్కు 2021లో తెరిచారు. గుడారాలు వేసుకోవచ్చు, పడవ దింపుకోవచ్చు, సైకిలు తొక్కడానికి బాట ఉంది. ఆ నేల మీద ఇంగ్లీషువాళ్లకంటే ముందు ఉన్న ఆదివాసుల చరిత్రను అక్కడ శ్రద్ధగా చెప్పారు. పిల్లలకు తప్పక చూపించండి. నార్తర్న్ నెక్‌లోని లాంకాస్టర్ కౌంటీలో బెల్ ఐల్ స్టేట్ పార్కు రాపహానక్ ఒడ్డునే ఉంది, నిశ్శబ్దంగా ఉంటుంది. చెట్ల నీడలో నల్లటి నీటి మీద వెళ్లాలంటే డ్రాగన్ రన్. సైప్రస్ చెట్లు నీళ్లలోనే నిలబడి ఉంటాయి.

లైఫ్ జాకెట్ సంచిలో పెట్టుకోవడం కాదు, ఒంటికి తొడుక్కోవాలి. ఏప్రిల్‌లో ఎండ వెచ్చగా ఉంటుంది కానీ నీళ్లు ఇంకా ప్రాణం తీసేంత చల్లగా ఉంటాయి. గాలి చొక్కా విప్పమంటుంది, నీరు మాత్రం చలికాలంలోనే ఉంటుంది. ఆ తేడా తెలియక ప్రతి వసంతంలోనూ మనుషులు ప్రమాదంలో పడతారు.

గోంగూరమడి
పొద్దుపోతుందా అని అడిగారు కదా, పెద్దవాళ్ల గురించి నేను చెబుతాను. మా అత్తగారు రెండు వేసవులు మాతో నార్తర్న్ నెక్‌లో గడిపారు. మొదటి వారం "ఇక్కడ మనుషులే లేరేమిటమ్మా" అని బెంగపడ్డారు. నిజమే, నడవడానికి కాలిబాటలు లేవు, బస్సు లేదు, గుడి దూరం. కారు నడపలేని పెద్దవాళ్లు ఇంటికే కట్టుబడిపోతారు. ఇది ముందే ఆలోచించుకోండి.

ఆమెకు దారి చూపింది తోట. ఇసుక నేల, తొందరగా వేడెక్కుతుంది. ఏప్రిల్ చివరికి మంచు భయం పోతుంది, నవంబరు దాకా కాపు ఉంటుంది. గోంగూర, బెండ, బీర, దోస, చిక్కుడు అన్నీ పండుతాయి. బెండకాయ ఇక్కడి పాత ఇళ్ల పెరళ్లలో తరతరాలుగా ఉన్నదే, పొరుగింటివారికి మన వేపుడు నచ్చింది. అంజూర చెట్టు లేని పాత ఇల్లు ఉండదు. ఆగస్టులో పండ్లు బకెట్లతో పంచుకుంటారు. అత్తగారు పంచిన గోంగూర పచ్చడికి బదులుగా అంజూర జామ్ సీసాలు వచ్చాయి. భాష రాకపోయినా ఆమెకు వీధి వీధంతా పరిచయం.

జింకలు మాత్రం దేన్నీ వదలవు. ఎనిమిది అడుగుల కంచె లేకుండా తోట మొదలుపెట్టవద్దు.

జేమ్స్ నదికి దక్షిణాన వేరుశనగ పొలాలు. వేవర్లీ దగ్గర 1840లలోనే దాన్ని అమ్మకానికి పండించారట. సెప్టెంబరు, అక్టోబరుల్లో పచ్చి వేరుశనక్కాయలు దొరికితే ఉప్పు వేసి ఉడకబెట్టుకోండి. మామగారికి అంతకుమించిన సాయంత్రం అక్కర్లేకపోయింది.

లంకవాసి
అద్భుతం, అందరికీ ధన్యవాదాలు. పీతల సంగతి చెప్పండి. లైసెన్సు కావాలా? మా పెద్దవాడు దాని గురించే అడుగుతున్నాడు.

చిట్టిపీత
ఇది నా విషయం, నేను చెబుతాను.

సొంతానికి తినడానికైతే వర్జీనియాలో లైసెన్సు అక్కర్లేదు. చేతి తాడు, చేతి వల, లేదా రెండు పీతల బోనులదాకా వాడుకోవచ్చు. మనిషికి రోజుకు ఒక బుషెల్ (పెద్ద బుట్టెడు) గుల్ల గట్టిపడిన పీతల వరకు. మగ పీత గుల్ల ఒక ముల్లు కొస నుంచి రెండో ముల్లు కొసదాకా ఐదు అంగుళాలు ఉండాలి. నియమాలు, తేదీలు మారుతుంటాయి, కాబట్టి వెళ్లే ముందు మెరైన్ రిసోర్సెస్ కమిషన్ వెబ్‌సైటు చూసుకోండి. చేపలు పట్టడానికి మాత్రం పదహారు నిండినవారికి లైసెన్సు కావాలి.

పిల్లలతో బోను కంటే తాడే బాగుంటుంది. తాడు కొసకు కోడి మెడ గట్టిగా కట్టి, చిన్న బరువు వేసి రేవు మీద నుంచి అడుగుకు దించండి. తాడును వేలి మీద ఉంచుకోవాలి. పీత పట్టుకుంటే గుంజదు. తాడు మెల్లగా, తిన్నగా పక్కకు జరుగుతుంది. పిల్లలు అప్పుడే సంబరపడి లాగేస్తారు, పీత వదిలేస్తుంది. బెత్తెడు లాగి ఆగాలి, మళ్లీ బెత్తెడు. నీటి పైకి రాకముందే, బురద రంగు నీళ్లలో డెక్కల నీలం కనిపిస్తుంది. అక్కడ తాడు ఆపాలి. రెండోవారు వలబుట్టను దూరంగా నీళ్లలోకి దించి, పీత కిందుగా తెచ్చి ఒక్కసారిగా ఎత్తాలి. పై నుంచి వేస్తే వల నీడకే పారిపోతుంది. వల నుంచి విడిపించేటప్పుడు వెనక ఈత కాళ్ల దగ్గర పట్టుకోండి, డెక్కలు అక్కడికి అందవు.

తిప్పి పొట్ట చూడండి. మడత సన్నగా పొడవుగా ఉంటే మగది. వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఎదిగిన ఆడది, దాని డెక్కల కొసలు ఎర్రగా ఉంటాయి. ఇక్కడి ఆడ పీత జన్మలో ఒకేసారి జత కడుతుంది, తర్వాత గుడ్లు పెట్టడానికి ఉప్పు ఎక్కువ ఉన్న అఖాతపు ముఖద్వారం దాకా ప్రయాణిస్తుంది. గుడ్ల ముద్ద ముదురు రంగులోకి తిరిగినవాటిని పట్టడంపై నిషేధాలున్నాయి. మా ఇంట్లో నియమం ఇంకా గట్టిది. ఆడ పీత ఏదైనా సరే తిరిగి నీళ్లలోకే. పిల్లలకు ఇది మొదటిరోజే అలవాటు చేయండి.

ఒక సంగతి తెలుసా? ఇప్పుడు అందరూ వాడే తీగ బోనుకు పేటెంటు తీసుకున్నది నార్తర్న్ నెక్ మనిషే, బెంజమిన్ లూయిస్, 1928లో. బోను వేసేవారు తాబేళ్లు దూరకుండా మూతి దగ్గర చిన్న చట్రం బిగించండి. లోపల చిక్కుకున్న టెరపిన్ తాబేలు ఊపిరాడక చనిపోతుంది. వాడని బోనును నీళ్లలో వదిలేసి ఇంటికి వెళ్లిపోవద్దు.

పులసప్రియ
చేపల మాట వచ్చింది కాబట్టి. గోదావరి జిల్లాలవారు ఇక్కడి షాడ్ చేపను చూస్తే పులసేనా అనుకుంటారు. రెండూ దగ్గర చుట్టాలే, రెండూ సముద్రం నుంచి నదిలోకి ఎదురెక్కి గుడ్లు పెట్టేవే. పులస వరద నీటికి వస్తే, షాడ్ వసంతంలో వస్తుంది. కానీ అఖాతంలో కలిసే వర్జీనియా నదుల్లో అమెరికన్ షాడ్‌ను పట్టడం 1994 నుంచి ఆపేశారు. ఆనకట్టలు, మితిమీరిన వేట వల్ల అది అంతగా తగ్గిపోయింది. పమంకీ, మాటపోనై తెగలవారు తమ నదుల్లో వందేళ్లకు పైగా షాడ్ పిల్లలను పొదిగించి వదులుతున్నారు. ధవళేశ్వరం కింద పులస ఎందుకు తగ్గిందో తెలిసినవారికి ఈ కథ వివరించనక్కర్లేదు. గాలానికి షాడ్ పడితే మెల్లగా విప్పి వదిలేయండి.

పులుసుకు కావలసింది బ్లూ క్యాట్‌ఫిష్. ఇది ఇక్కడి చేప కాదు, 1970లలో, 80లలో తెచ్చి వదిలారు. ఇప్పుడు జేమ్స్, రాపహానక్ నదులను నింపేసి, పీతలనూ చిన్న చేపలనూ తినేస్తోంది. పట్టి తినమని ప్రభుత్వమే చెబుతోంది. మన జెల్ల పులుసు పద్ధతిలో, చింతపండు కాస్త గట్టిగా వేసి వండితే చాలా బాగుంటుంది. చిన్నవే తినండి. పెద్దవాటిలో, ముఖ్యంగా జేమ్స్ నదివాటిలో కలుషితాలు పేరుకుని ఉంటాయి. రాష్ట్ర ఆరోగ్యశాఖ ఏ నదిలో ఏ చేప ఎంత తినవచ్చో పట్టిక ఇస్తుంది.

వంకాయకూర
మేము శాకాహారులం. ఇదంతా చదివితే అక్కడ మాకు పనేమీ లేదనిపిస్తోంది!

ఉప్పుగాలి
అలా అనుకోకండి వంకాయకూర గారూ. మా ఇంట్లోనూ ఒకరు శాకాహారే, నీళ్ల మీద అందరికంటే ఎక్కువ సేపు ఉండేది ఆయనే.

మార్చి మధ్యలో ఆస్ప్రే గద్దలు దక్షిణం నుంచి తిరిగి వస్తాయి. ఏటి మధ్య పాతిన గుంజల మీద, దారి చూపే బోర్డుల మీద పుల్లలతో గూళ్లు కడతాయి. పోయినేటి గూటికే వస్తాయి. చేపను పట్టాక దాని తల ముందుకు వచ్చేలా కాళ్లలో తిప్పుకుని ఎగురుతాయి. ఒకప్పుడు డీడీటీ అనే పురుగుమందు వల్ల గుడ్ల పెంకులు పలచబడి దాదాపు కనుమరుగైన పక్షులివి. 1972లో ఆ మందును నిషేధించాక కోలుకున్నాయి. ఇప్పుడు మా పక్కనే ఉన్న మాబ్‌జాక్ అఖాతంలో మళ్లీ కష్టకాలం. కొన్నేళ్లుగా చాలా గూళ్లలో పిల్లలు ఆకలితో చనిపోతున్నాయి. అవి తినే మెన్‌హేడెన్ చేప అందకపోవడమే కారణమని పరిశోధకులు అంటున్నారు, చేపల పరిశ్రమ కాదంటోంది. మా రేవు ఎదుటి గూటిని చూస్తూ నేను పరిశోధకుల మాటే నమ్ముతున్నాను.

నారాయణ పక్షికి దాయాది లాంటి గ్రేట్ బ్లూ హెరాన్ ప్రతి ఏటి మలుపులోనూ ఉంటుంది. రాపహానక్ ఒడ్డున బాల్డ్ ఈగిల్‌లు చలికాలంలో ఎక్కువగా కనిపిస్తాయి. సైకిలు ఇష్టమైతే రిచ్‌మండ్ నుంచి జేమ్స్‌టౌన్ దాకా 52 మైళ్ల కాపిటల్ ట్రైల్ ఉంది. పెద్దవాళ్లతో అయితే జేమ్స్‌టౌన్ దగ్గర కారుతో సహా పడవ ఎక్కి నది దాటండి, టికెట్టు లేదు. నార్తర్న్ నెక్‌లో సన్నీబ్యాంక్ దగ్గర తీగ ఆధారంగా నడిచే చిన్న పంటు ఉంది, అదీ ఉచితమే. పంటు చూసి మా నాన్నగారి ముఖం వెలిగిపోయింది.

బడిపంతులు
పిల్లల కోసం ఒకటి కలుపుతున్నాను. వెస్ట్‌మోర్లాండ్ స్టేట్ పార్కు, పొటోమాక్ ఒడ్డున. 1936లో వర్జీనియా తెరిచిన మొదటి ఆరు పార్కుల్లో ఒకటి. అక్కడి ఒడ్డున ఎత్తయిన మట్టి గోడల నుంచి కోటి ఏళ్లకు పైబడిన సొరచేప పళ్లు రాలి ఇసుకలో కలుస్తాయి. పాటు సమయంలో వెళ్లి, నీటి అంచున నల్లగా మెరిసే ముక్కల కోసం వెతకండి. మట్టి గోడలను తవ్వకూడదు, వాటి కింద నిలబడకూడదు, విరిగి పడతాయి. మీ ఆష్‌బర్న్ నుంచి ఒక్కరోజులో వెళ్లి రావచ్చు.

నాగాయలంక
అందరూ అందాలే చెబుతున్నారు. ఇల్లు కొనే మాట అన్నారు కాబట్టి నేను రెండో వైపు చెప్పాలి. మాది దివిసీమ. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన ఏం చేసిందో వింటూ పెరిగిన ఇల్లు మాది. అందుకే నీటి ఒడ్డున ఇల్లు అనగానే నా చూపు ముందు పునాది మీద పడుతుంది.

2003 సెప్టెంబరు 18న ఇసాబెల్ తుపాను వచ్చినప్పుడు గ్లాస్టర్‌లోని గినీ ప్రాంతంలో ఇళ్లలోకి నీరు వచ్చింది. ఇప్పుడు అటు వెళ్తే చాలా ఇళ్లు ఎత్తయిన దిమ్మెల మీద కనిపిస్తాయి. ఆ తర్వాత ఎత్తు పెంచినవే. నార్ఫోక్ దగ్గర 1927 నుంచి సముద్ర మట్టం కొలుస్తున్నారు. ఏడాదికి నాలుగున్నర మిల్లీమీటర్లకు పైనే పెరుగుతోంది. సముద్రం పెరగడం ఒక్కటే కాదు, ఇక్కడ నేల కూడా కుంగుతోంది. భూగర్భ జలాలు తోడెయ్యడం ఒక కారణం.

లెక్కలు వద్దనుకుంటే చెట్లను చూడండి. మీరు కొనాలనుకున్న ఇంటి వెనక పర్ర (ఉప్పునీటి చిత్తడి నేల) అంచున పైన్ చెట్లు ఆకులు లేకుండా, బెరడు ఊడి తెల్లగా నిలబడి ఉన్నాయా? వేళ్లకు ఉప్పు నీరు తగిలిందని అర్థం. అమ్మేవారు "ఇక్కడికి ఎప్పుడూ నీరు రాలేదు" అనవచ్చు, మా స్నేహితుడికి అలాగే అన్నారు. ఆ చెట్లు వేరే మాట చెప్పాయి, ఆయన కొనలేదు.

మామూలు ఇంటి బీమాలో వరద రాదు, విడిగా తీసుకోవాలి. ప్రభుత్వ వరద బీమా సాధారణంగా ముప్పై రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది, తుపాను వార్త విని కొంటే పనికిరాదు. ఇంటి నేల ఎంత ఎత్తులో ఉందో చూపే సర్టిఫికెట్ అడగండి.

బోరునీరు
నాగాయలంక గారి మాటలకు నీళ్ల సంగతి జోడిస్తాను. ఈ పల్లెల్లో కుళాయి నీరు ఉండదు, బోరు, సెప్టిక్ ట్యాంకు మనవే. మూడున్నర కోట్ల ఏళ్ల కిందట ఒక ఉల్క ఈస్టర్న్ షోర్ కొసన, ఇప్పటి కేప్ చార్లెస్ దగ్గర పడింది. సుమారు 85 కిలోమీటర్ల వెడల్పు గొయ్యి మట్టి కింద పూడిపోయి ఉంది. దాని ప్రభావం వల్ల కొన్నిచోట్ల లోతుకు పోయేకొద్దీ ఉప్పు నీరే తగులుతుంది. కాబట్టి "ఇంకా లోతుగా వేద్దాం" అనే మన అలవాటు ఇక్కడ పనిచేయకపోవచ్చు. కొనే ముందు ఉప్పు, బాక్టీరియా పరీక్షలు చేయించండి.

అఖాత రక్షణ చట్టం 1988లో వచ్చింది. దాని ప్రకారం నీటి అంచు నుంచి, పర్ర అంచు నుంచి వంద అడుగుల మేర చెట్లు కొట్టడానికి, కట్టడాలకు అడ్డంకులు ఉన్నాయి. సెప్టిక్ ట్యాంకు ఐదేళ్లకోసారి తోడించాలి. "ఒడ్డున చెట్లు కొట్టేసి నది కనిపించేలా చేసుకుందాం" అనుకునేవారు ఇక్కడ కొనవద్దు. ఆ చెట్లూ గడ్డీ ఉండబట్టే అఖాతం బతికి ఉంది.

తెడ్డు
ఇందుకే నేను ఇల్లు కొనడమే వద్దంటాను. నిరాడంబరంగా బతకాలని వచ్చి రెండో ఇంటి కప్పు, రెండో బోరు, రెండో బీమా నెత్తిన వేసుకోవడం ఏమిటి? కారు మీద కయాక్, వెనక గుడారం ఉంటే అఖాతం అంతా మనదే.

ఉప్పుగాలి
తెడ్డు గారితో సగమే ఏకీభవిస్తాను. వచ్చిపోయేవారికి వేసవి అందుతుంది, ఊరు అందదు. ఇక్కడివాళ్లు పుట్టినవారినీ వచ్చినవారినీ విడిగానే చూస్తారు, ఆ గీత ఏళ్లకు గానీ చెరగదు. చెరిపేది మన పనే. అగ్నిమాపక దళంలో ఉండేది ఊరి స్వచ్ఛంద కార్యకర్తలే. వారి చేపల వేపుడు విందుకు వెళ్లండి, గిన్నెలు కడగడానికి నిలబడండి. ఎదురొచ్చే బండి నుంచి స్టీరింగు మీది వేళ్లు లేచినప్పుడు మీరూ వేళ్లు లేపండి. పీతల బోన్లకు కట్టి నీటిపై తేలే గుర్తులు ఎవరి జీవనాధారమో గుర్తుపెట్టుకుని దూరంగా నడపండి.

ఒడ్డు గురించి ఒక్కమాట, అందరూ గుర్తుంచుకోవాలి. వర్జీనియాలో ఒడ్డు భూమి యజమాని హక్కు పాటు గీత దాకా ఉంటుంది. ఖాళీ ఇసుకే కదా అని పడవ ఆపితే అది ఒకరి స్థలంలోకి చొరబడినట్టే. ప్రజల రేవుల నుంచే దిగండి. మిడిల్ పెనిన్సులాలో అందరికీ నీటి దారి కల్పించడానికే ఒక ప్రభుత్వ సంస్థ ఉంది, దాని పటంలో ఆ స్థలాలు దొరుకుతాయి.

నర్సమ్మ
నేను వైద్యరంగంలో పనిచేస్తాను. పిల్లలు, పెద్దవాళ్లు అన్నారు కాబట్టి చెబుతున్నాను.

పిడుదులు, ఇక్కడ టిక్‌లు అంటారు. పొడవాటి గడ్డిలో తిరిగి వచ్చాక చంకలు, మోకాలి వెనక, చెవి వెనక, తల వెంట్రుకల్లో వెతకండి. లైమ్ జ్వరం సంగతి అందరికీ తెలుసు. తెలియనిది ఇంకొకటి. వీపున తెల్లచుక్క ఉండే లోన్ స్టార్ టిక్ కుడితే కొందరికి మాంసం పడకుండా పోతుంది. మేక, గొర్రె, పంది, గొడ్డు ఏదైనా తిన్న కొన్ని గంటలకు దద్దుర్లు, కడుపునొప్పి, ఒక్కోసారి ప్రాణాపాయం. కొందరికి పాలు కూడా పడవు. ఆల్ఫా గాల్ అంటారు. దీన్ని మొదట గుర్తించినవారిలో వర్జీనియా విశ్వవిద్యాలయం వైద్యులు ముఖ్యులు. రాత్రి మటన్ బిరియాని తిని తెల్లవారుజామున దద్దుర్లు వస్తే మసాలాను అనుమానించి ఊరుకోకండి, డాక్టరుకు టిక్ సంగతి చెప్పండి.

వేసవిలో జెల్లీఫిష్‌లు వస్తాయి, జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా. కుడితే మంట పుడుతుంది, పొడవాటి ఈత బట్టలు వేయండి. వెచ్చని ఉప్పు నీటిలో విబ్రియో అనే బాక్టీరియా ఉంటుంది. మధుమేహం, కాలేయ జబ్బు ఉన్న పెద్దవాళ్లు కాలికి పుండు ఉంటే నీళ్లలో దిగకూడదు, పచ్చి ఆల్చిప్పలు అసలు తినకూడదు.

చిట్టిపీత
నర్సమ్మ గారికి ధన్యవాదాలు. ఆల్చిప్పల మాటకు ఒక చిన్న చేర్పు. ఎదిగిన ఒక్క ఆయిస్టర్ రోజుకు 50 గ్యాలన్ల దాకా నీటిని వడకట్టగలదు. సొంత రేవు ఉన్నవారు అనుమతి తీసుకుని బుట్టల్లో పెంచుకోవచ్చు. ఇల్లు కొన్నా కొనకపోయినా, ఎవరైనా పెంచుతుంటే బుట్టలు కడగడానికి పిల్లల్ని తీసుకెళ్లండి. ఒక్క బుట్ట దులిపితే చిన్న రొయ్యలు, పీతపిల్లలు, బొమ్మిడాల్లాంటి పొడవాటి చేపపిల్లలు ఎన్ని రాలతాయో చూస్తే వాళ్లే ఆశ్చర్యపోతారు.

లంకవాసి
ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. కొనడం ఇప్పుడు కాదు. అక్టోబరులో మాథ్యూస్‌లో ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకుంటాం, ఫిబ్రవరిలో మళ్లీ వస్తాం, ఆగస్టులో అమ్మానాన్నలతో మూడోసారి. చలి, దోమలు, ఒంటరితనం అన్నీ చూశాకే ఇంటి మాట. అక్టోబరుకు ఏం తెచ్చుకోవాలి?

నాగాయలంక
మంచి నిర్ణయం. ఫిబ్రవరిలో ఈశాన్య గాలి వీచే రోజున మీకు నచ్చిన వీధుల్లోకి వెళ్లి నీరు రోడ్డు మీద ఎక్కడిదాకా వచ్చిందో ఫోటోలు తీసుకోండి. ఏ సర్వే కాగితమూ అంత స్పష్టంగా చెప్పదు.

తెడ్డు
అక్టోబరు ఇక్కడ అన్నిటికంటే మంచి నెల. జెల్లీఫిష్‌లు పోయి ఉంటాయి, నీటిలో వేసవి వేడి ఇంకా కొంత మిగిలి ఉంటుంది. వేట మొదలవుతుంది కాబట్టి అడవి బాటలో అందరికీ నారింజ రంగు చొక్కాలు తెచ్చుకోండి. బాతుల వేట రోజుల్లో ఒడ్డు వెంట కట్టిన వేటగాళ్ల మాటులకు దూరంగా పోవాలి. వారాంతంలో నేనూ అటు వస్తాను, పిల్లలకు సరిపోయే తెడ్లు, జాకెట్లు నా దగ్గర ఉన్నాయి.

ఉప్పుగాలి
అయితే పోటుకు రెండు గంటల ముందు రేవు దగ్గర కలుద్దాం. ఎక్కే నీటితో ఏట్లోకి పోయి, పోటు నిలిచినప్పుడు తిని, దిగే నీటితో వెనక్కి వస్తే పిల్లల చేతులు నొప్పి పెట్టవు. మీరు తేదీ చెప్పండి, ఆ రోజు పోటు ఎన్నింటికో చూసి సమయం నేను రాస్తాను. కోడి మెడలు మాత్రం మీరు తెచ్చుకోండి, మా ఊరి దుకాణంలో శనివారం మధ్యాహ్నానికి అయిపోతాయి.